ఇంట్లో మందుల డబ్బా ఖాళీ చేసి సర్దడం ఎలా?

మందుల డబ్బా సర్దడానికి కూర్చున్నవాళ్ళు ఎక్కువగా చేసేది ఒకటే పని. ఒక్కో షీటు వెలుతురుకి ఎత్తి తేదీ చూస్తారు. దాటిపోయినవి చెత్తబుట్టలోకి, మిగతావి మళ్ళీ డబ్బాలోకి. పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ ఈ పనిలో తేదీ చూడడం తేలికైన భాగం. నన్నడిగితే, గడువు దాటిన జ్వరం మాత్ర కన్నా, గడువు నిక్షేపంలా ఉండి ఎవరికోసం కొన్నారో, ఎందుకు మిగిలిపోయిందో ఎవరికీ గుర్తులేని మాత్రకే ఎక్కువ భయపడాలి. అందుకే ఇక్కడ వరుస మారుస్తున్నాను. ముందు ఇది ఎవరిది, ఏమిటి అన్నది తేల్చాలి. ఆ తర్వాత తేదీ. పారేయడం చివర్లో.

ముందు అన్నీ ఒకచోటికి తెండి

డబ్బాలో ఉన్నవే మందులు అనుకోకండి. మంచం పక్క సొరుగు, హ్యాండ్‌బ్యాగ్, ఫ్రిజ్ తలుపు, కారు, ఆఫీసు బ్యాగు, ప్రయాణాల సూట్‌కేసు జేబు, బాత్రూం అర, అన్నీ వెతకండి. మాత్రలే కాదు, సిరప్‌లు, కంటి చుక్కలు, ఆయింట్‌మెంట్లు, ఇన్‌హేలర్లు, విటమిన్లు, మూలికల పొడులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. విటమినే కదా అని వదిలేయకండి. ఐరన్ మాత్రలు చిన్నపిల్లలు ఎక్కువ మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు దగ్గర లేని సమయం చూసుకోండి. వెలుతురు బాగా పడే బల్ల మీద పాత పేపరు పరచండి. ఒక మార్కర్, ఒక కాయితం, మూడు సంచులు దగ్గర పెట్టుకోండి. షీట్ల మీద అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి కాబట్టి ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చదవడం మంచి ఉపాయం. సగంలో లేచి వెళ్ళాల్సివస్తే అన్నీ ఎత్తిపెట్టి వెళ్ళండి. బల్ల నిండా రంగురంగుల మాత్రలు పరిచి ఉన్న ఆ గంటే ఇంట్లో అన్నిటికన్నా ప్రమాదకరమైన గంట.

మనిషికో కుప్ప

ఇప్పుడు తేదీ చూడకండి. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని కుప్పలు పెట్టండి. ప్రస్తుతం రోజూ వాడుతున్న బీపీ, షుగర్, థైరాయిడ్ లాంటి మందులు ఆ మనిషి కుప్పలో, డాక్టరు చివరిసారి రాసిన చీటీతో పాటు పెట్టండి. అందరికీ పనికొచ్చే జ్వరం మాత్రలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, గాయాల మందులు ఇంకో కుప్ప. ఎవరివో, ఎందుకో తెలియనివి మరో కుప్ప. ఈ మూడోదే పెద్దదిగా ఉంటుంది, చూడండి.

చీటీకి, కుప్పకి పొంతన కుదరకపోతే అక్కడ ఆగండి. చీటీలో రాసిన మందు కుప్పలో లేదంటే మధ్యలో మానేసి ఉండాలి, లేదా పేరు మారి ఉండాలి. కుప్పలో ఉండి చీటీలో లేదంటే డాక్టరు ఆపేసినా ఇంట్లో ఆపలేదని అర్థం కావచ్చు. రెండూ కొట్టిపారేసేవి కావు. అయితే మీకు మీరే నిర్ణయించి ఏదీ ఆపకండి. కొన్ని బీపీ, గుండె మందులు (ముఖ్యంగా బీటా బ్లాకర్లు), ఫిట్స్ మందులు, చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్లు, డిప్రెషన్ మందులు ఉన్నట్టుండి మానేస్తే రోగి పరిస్థితి విషమించవచ్చు. ఇలాంటివి పక్కన పెట్టి, ప్రశ్న కాయితం మీద రాసుకోండి. తర్వాత డాక్టరునో ఫార్మసిస్టునో అడగండి. ఆ కుప్ప మొత్తాన్ని ఒక సంచిలో వేసి పట్టుకెళ్ళి చూపిస్తే ఇంకా మేలు. పేర్లు నోటితో చెప్పబోతే ‘ఆ తెల్ల మాత్ర, ఆ గులాబీ మాత్ర’ అనడం దగ్గరే ఆగిపోతాం.

చనిపోయినవాళ్ళ మందులు దాచుకునే ఇళ్ళూ ఉంటాయి. పారేయడానికి మనసొప్పదు, అర్థం చేసుకోగలం. కానీ చివరి రోజుల్లో వాడే మార్ఫిన్ లాంటి నొప్పి మందులు ఇంట్లో ఉంచకూడనివాటిలో మొదటివి.

పెద్ద అక్షరాలు కాదు, చిన్న అక్షరాలు చదవండి

షీటు మీద పెద్దగా కనిపించేది కంపెనీ పెట్టిన పేరు. అసలు మందు పేరు దాని కిందో పక్కనో సన్నగా ఉంటుంది. ఇప్పుడు ఆ సన్నటి పేరు చదివి, ఒకే పేరు ఉన్నవన్నీ ఒకచోట పెట్టండి. మూడు వేర్వేరు మందులు అనుకున్నవి మూడూ ఒకటేనని ఇక్కడే తేలుతుంది.

అందరి ఇళ్ళలో ఉండేది కాబట్టి పారాసెటమాల్‌నే తీసుకుందాం. కొన్ని దేశాల్లో దీన్నే అసెటమినోఫెన్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజుకి 4,000 మి.గ్రా. గరిష్ఠ పరిమితి. లివర్ జబ్బు ఉన్నవాళ్ళకి, బాగా తాగేవాళ్ళకి, బరువు తక్కువ ఉన్నవాళ్ళకి అంతకన్నా తక్కువే. ఒకరు జ్వరానికని 650 మి.గ్రా. మాత్ర రోజుకి నాలుగుసార్లు వేసుకున్నారనుకోండి, 2,600 అయింది. ముక్కు కారుతోందని జలుబు మాత్ర కూడా నాలుగుసార్లు వేసుకున్నారు. జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసెటమాల్ కలిసే ఉంటుంది. ఒక్కోదానిలో 500 ఉంటే ఇంకో 2,000. మొత్తం 4,600. ఆ మనిషి మాత్రం రెండు వేర్వేరు మందులు, రెండూ చెప్పిన లెక్కలోనే వేసుకున్నానని నిశ్చింతగా ఉంటాడు. ఈ మందు మోతాదు మించినప్పుడు మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియకపోవచ్చు. లివర్ దెబ్బతిన్న సంగతి రెండు మూడు రోజులకి బయటపడుతుంది. దీనికి విరుగుడు మందు ఉంది, కానీ మింగిన ఎనిమిది గంటల్లోపు ఇస్తేనే అది బాగా పనిచేస్తుంది. కాబట్టి ‘బానే ఉన్నాడుగా’ అని ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రాక్సెన్ పేర్లు వేరైనా ఒక జాతివే. రెండు కలిపి వాడితే నొప్పి రెండింతలు తగ్గదు గానీ కడుపులో పుండు, కిడ్నీ సమస్య వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇంట్లో ఎవరైనా రక్తం పలచబడే మందు వాడుతుంటే ఈ జాతి మాత్రలు వాళ్ళ చేతికి అందేచోట ఉంచకండి.

పిల్లల సిరప్‌ల దగ్గర ఇంకాస్త ఆగాలి. పారాసెటమాల్ సిరప్ 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతుంది, 250 ఉన్నదీ దొరుకుతుంది. పసిపిల్లల డ్రాప్స్ సీసాల్లో కొన్నిటిలో ఒక్క మి.లీ.లోనే 100 ఉంటుంది. 120 ఉన్న సిరప్ అనుకుని డ్రాప్స్ నుంచి 5 మి.లీ. పోస్తే వెళ్ళాల్సిన 120కి బదులు 500 వెళ్తుంది. సీసా చిన్నది కాబట్టి మందు పలచనిదని అనిపిస్తుంది, నిజం దానికి పూర్తిగా తలకిందులు. ఇంట్లో ఒకే బలం ఉన్న సీసా ఒక్కటే ఉంచండి. దాని కొలత మూతో సిరంజో దానికే రబ్బరు బ్యాండుతో కట్టేయండి. వంటింటి చెంచాతో కొలవద్దు.

తేదీతో పని లేకుండా తీసేయాల్సినవి

మిగిలిపోయిన యాంటీబయాటిక్స్ మొదట తీయండి. ‘మళ్ళీ గొంతునొప్పి వస్తే పనికొస్తాయి’ అని దాచే మందు ఇది. మళ్ళీ వచ్చే గొంతునొప్పి వైరస్ వల్ల కావచ్చు, అప్పుడు ఇది అసలు పనిచేయదు. బాక్టీరియా వల్లే అయినా మిగిలిన మూడు మాత్రలు సరిపోవు. అరకొర మందుకి తట్టుకున్న బాక్టీరియాకి తర్వాత అసలు మందు కూడా పనిచేయకపోవచ్చు.

షీటు నుంచి ఊడదీసి పాత సీసాలో పోసుకున్న గుర్తుతెలియని మాత్రలు తీసేయండి. రంగు చూసి ఇది ఫలానాదే అనుకోవడం జూదమే. కత్తిరించిన షీటు ముక్కలూ అంతే. తేదీ, బ్యాచ్ నంబరు షీటుకి ఒక చివరే అచ్చు వేస్తారు. ఆ చివర నుంచి వాడుకుంటూ వస్తే రెండోరోజుకే అది పోతుంది. ఇక మీద తేదీ లేని చివర నుంచి మాత్రలు తీసుకోండి, తేదీ ఉన్న చివర ఆఖరి మాత్ర దాకా ఉండాలి.

వేరేవాళ్ళకి రాసిన నిద్రమాత్రలు, ఆపరేషన్ తర్వాత మిగిలిన ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మాత్రలు కూడా పోవాలి. మెథోట్రెక్సేట్ పేరు కనిపిస్తే మరీ జాగ్రత్త. కీళ్ళవాతానికీ సోరియాసిస్‌కీ దీన్ని వారానికి ఒక్కరోజే వాడతారు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. వాడుతున్నవాళ్ళు ఇంట్లో ఉంటే దాని మీద ఏ రోజు వేసుకోవాలో మార్కర్‌తో పెద్దగా రాసి, మిగతా మందులకి దూరంగా పెట్టండి.

ఇప్పుడు తేదీ

గడువు 06/2027 అని ఉంటే మామూలుగా ఆ నెల ఆఖరి రోజు దాకా అని లెక్క. ‘ఇంతలోపు వాడండి’ అన్న అర్థంలో ఉంటే కొన్నిచోట్ల అంతకు ముందు నెల చివరి దాకానే అని తీసుకుంటారు. అనుమానం ఉంటే ముందు తేదీనే లెక్కలోకి తీసుకోండి.

గడువు దాటిన మర్నాడే మాత్ర విషమైపోదు. అమెరికా సైన్యం నిల్వచేసిన మందులను అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1986 నుంచి పరీక్షిస్తోంది. 2006లో వెలువడిన ఫలితాల ప్రకారం 122 రకాల మందుల బ్యాచ్‌లలో 88 శాతానికి గడువు కనీసం ఒక ఏడాది పొడిగించగలిగారు. ఇది చదివి చాలామంది ‘అయితే తేదీలన్నీ కంపెనీల వ్యాపారమే’ అంటారు. కానీ అవి సీలు విప్పనివి, వేడీ తేమా అదుపులో ఉన్న గోదాముల్లోవి. మీ హ్యాండ్‌బ్యాగ్‌లో ఏడాది తిరిగిన షీటుకి ఆ లెక్క వర్తించదు. గడువు దాటినవాటిలో చాలావాటితో ఉన్న అసలు సమస్య, పనిచేస్తుందనుకున్న మందు పనిచేయకపోవడం. ఇన్సులిన్, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్, ఫిట్స్ మందు, తీవ్ర అలర్జీకి వాడే అడ్రినలిన్ ఇంజెక్షన్ లాంటివాటిలో ఆ తేడాతో ప్రాణం పోవచ్చు, కాబట్టి వీటిని గడువు దగ్గరపడకముందే మార్చేయండి. పాడయ్యాక హాని చేసిన మందూ లేకపోలేదు. చెడిపోయిన టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడిన కొందరి కిడ్నీలు దెబ్బతిన్నాయని 1963లో వైద్యులు నమోదు చేశారు.

డబ్బా మీది తేదీ సీలు విప్పేదాకానే. విప్పాక వేరే గడియారం మొదలవుతుంది. కంటి చుక్కలు చాలావరకు నాలుగు వారాలే. పొడిలో నీళ్ళు కలిపి తయారుచేసే యాంటీబయాటిక్ సిరప్ రకాన్నిబట్టి 7 నుంచి 14 రోజులు. వాడుతున్న ఇన్సులిన్ ఎక్కువ రకాలు 28 రోజులు, కొన్ని ఇంకొంచెం ఎక్కువ, లోపలి కాయితంలో ఉంటుంది. కలిపిన ఓఆర్‌ఎస్ 24 గంటలు. సీసా విప్పిన తేదీ దాని మీద రాయకపోతే ఈ లెక్కలేవీ కట్టలేం. రాయలేదా, ఎప్పుడు విప్పారో గుర్తులేదా, అయితే అది పారేసే సంచిలోకే.

తేదీ ఉన్నా కంటితో, ముక్కుతో ఒకసారి చూడండి. ఆస్పిరిన్ సీసా మూత తీయగానే వెనిగర్‌లా పుల్లటి వాసన గుప్పుమంటే లోపల మాత్ర తేమ తగిలి విడిపోతోందన్నమాట. ఆస్పిరిన్ విడిపోతే ఒకటి సాలిసిలిక్ ఆమ్లం, రెండోది అసిటిక్ ఆమ్లం. వెనిగర్‌లో ఉండేది ఆ రెండోదే. మాత్ర మీద సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలు కూడా కనిపించవచ్చు. అంటుకుపోయిన క్యాప్సూల్స్, మచ్చలు పడ్డ మాత్రలు, ఉబ్బిన పొట్లాలు, ఎంత ఊపినా కలవని సిరప్, నీరూ జిడ్డూ విడిపోయిన ఆయింట్‌మెంట్, గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్, ఇవన్నీ పోవాలి.

పారేయడం

మందుల్ని తిరిగి తీసుకునే ఏర్పాటు మీకు అందుబాటులో ఉంటే దానికి మించింది లేదు. ఫార్మసీలోనో ఆసుపత్రిలోనో అడగండి. కాన్సర్ మందులు మాత్రం ఇచ్చిన ఆసుపత్రికే తిరిగి అప్పగించాలి, ఇంటి చెత్తలో వేయకూడదు, ఉత్త చేతులతో తాకకూడదు.

అలాంటి ఏర్పాటు లేకపోతే ఇలా చేయండి. మాత్రల్ని షీట్ల నుంచి తీసి, పొడి చేయకుండా, తడిమట్టి లేదా వాడేసిన కాఫీ పొడి లాంటి ఎవరూ ముట్టని దాంతో కలపండి. పొడి చేస్తే ఆ ధూళి మీ ముక్కులోకే వస్తుంది. ప్రోస్టేట్ వాపుకి వాడే ఫినాస్టెరైడ్ లాంటి మాత్రలు విరిగిన పొడి గర్భిణులకి తగలనే కూడదు. సిరప్‌లనీ మట్టిలోనే ఇంకించండి. అంతా గట్టి సంచిలో వేసి, మూతి బిగించి, చెత్తలో వేయండి. ఖాళీ సీసాల మీదా డబ్బాల మీదా ఉన్న పేరు, ఫోన్ నంబరు మార్కర్‌తో కొట్టేయండి. షీటు షీటుగా చెత్తలో వేస్తే చెత్త ఏరేవాళ్ళ చేతికో, పిల్లల చేతికో, జంతువుల నోటికో చేరుతుంది.

సింకులో, టాయిలెట్‌లో పోయకండి. మురుగునీటి శుద్ధి కేంద్రాలు అన్ని మందుల్నీ తొలగించలేవు, అవి నదుల్లోకే చేరతాయి. దీనికి ఒక మినహాయింపు ఉంది. ఫెంటానిల్, మార్ఫిన్, ఆక్సికోడోన్ లాంటి గట్టి నొప్పి మందులు ఒక్క డోసే వేరేవాళ్ళ ప్రాణం తీయగలవు. వీటిని తిరిగి ఇచ్చే దారి వెంటనే లేకపోతే టాయిలెట్‌లో వేసి నీళ్ళు వదలమని ఎఫ్‌డీఏ చెబుతుంది. నదికి కలిగే నష్టం కన్నా ఇంట్లో పిల్లవాడికి ఉన్న ముప్పు పెద్దదని ఆ లెక్క. మీ మందు కాయితంలో ఏముందో చూసి, ఫార్మసిస్టుని అడిగాకే ఆ పని చేయండి. చర్మానికి అంటించే ఫెంటానిల్ పట్టీల్లో వాడి తీసేశాక కూడా చాలా మందు మిగిలే ఉంటుంది. జిగురు వైపు లోపలికి వచ్చేలా మడిచి, వెంటనే వదిలించుకోవాలి. వాటిని నోట్లో పెట్టుకుని చనిపోయిన పసిపిల్లలున్నారు.

మందుల్ని కాల్చకండి. ఇన్‌హేలర్ డబ్బాలో ఒత్తిడితో కూడిన వాయువు ఉంటుంది, ఖాళీ అయిందనుకున్నా మంటలో పేలుతుంది, పొడవనూ కూడదు. సూదులకి మళ్ళీ మూత పెట్టబోయి గుచ్చుకునేవాళ్ళు చాలామందే. మర మూత ఉన్న మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో నేరుగా వేయండి, ముప్పావు వంతు నిండగానే మూసి, ఆసుపత్రిలో తీసుకుంటారేమో కనుక్కోండి. పాత పాదరసం థర్మామీటర్ కనిపిస్తే దాన్ని చెత్తలో పడేయకండి. పగిలిందా, కిటికీలు తెరిచి గట్టి కాయితంతో ఆ పాదరసం గోళీలని ఒకచోటికి చేర్చి మూత ఉన్న సీసాలో పెట్టండి. చీపురు, వాక్యూమ్ క్లీనర్ రెండూ వద్దు.

తిరిగి పెట్టేటప్పుడు

బల్ల మీద మిగిలింది ఇప్పుడు సగం కూడా ఉండకపోవచ్చు. వాటిని బాత్రూంలో, పొయ్యి దగ్గర, ఫ్రిజ్ పైన పెట్టకండి, వేడి, తేమ ఉండే చోట్లు అవే. పడకగదిలో ఎత్తుగా, తాళం పడే అలమరా మేలు. ఫ్రిజ్‌లో పెట్టమన్నవి 2 నుంచి 8 డిగ్రీల మధ్య, తలుపులో కాకుండా మధ్య అరలో, ఫ్రీజర్‌కి దూరంగా పెట్టాలి. నైట్రోగ్లిజరిన్ మాత్రలు వచ్చిన గాజు సీసాలోనే ఉండాలి, ప్లాస్టిక్ డబ్బాలోకి మారిస్తే బలం తగ్గిపోతుంది. ఏ రోజు మాత్ర ఆ రోజు అరలో పెట్టుకునే వారం డబ్బాలు పెద్దవాళ్ళకి సౌకర్యమే గానీ పిల్లలు ఇట్టే తెరిచేస్తారు. వాటినీ ఆ తాళంలోనే పెట్టండి.

ఎవరైనా పిల్లలు ఏదైనా మింగారని అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. ఆ షీటో సీసానో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఎన్ని మాత్రలు మిగిలాయో లెక్కపెడితే ఎన్ని పోయాయో డాక్టరుకి చెప్పగలరు.

చివరిగా మొదట్లో పెట్టుకున్న ఆ కాయితం తీయండి. మనిషి పేరు, మందు అసలు పేరు, బలం, ఎన్నిసార్లు, ఏ మందు పడదు అన్నవి రాసి, ఫోటో తీసి ఇంట్లోవాళ్ళందరి ఫోన్లలో ఉంచండి. కాయితాన్ని అలమరా తలుపు లోపలివైపు అంటించండి. వచ్చే ఆరు నెలల్లో గడువు తీరే మందుల పేర్లు దాని కిందే రాసి, ఆ నెలకి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.